అన్నం ఎవరిని తింటుంది?

జూబ్లీహిల్స్‌లోనో గచ్చిబౌలిలోనో ఓ ఖరీదైన మెక్సికన్ రెస్టారెంట్. ఒక గోడ ముదురు గులాబీ, ఇంకో గోడ పసుపు, తలుపులు నెమలికంఠం రంగు. పైకప్పు కింద పూలూ పిట్టలూ కత్తిరించిన రంగుకాగితాల తోరణాలు. ఓ మూల పూలు తురుముకుని నవ్వుతున్న పుర్రె బొమ్మ, దానికి ఎదురుగా కలిసిన కనుబొమలతో చిత్రకారిణి ఫ్రీడా కాలో పటం. కుర్చీలో సర్దుకుని కూర్చున్నారో లేదో, మెనూ తెరవకముందే వెయిటర్ అడిగే మాట ఒకటుంది: "మామూలు నీళ్లా సార్, బాటిల్ వాటరా?"

నగరంలో పుట్టి పెరిగినవారికి అదో లాంఛనం. ఏదో ఒకటి చెప్పి మెనూలోకి వెళ్లిపోతారు. కొడుక్కి ఉద్యోగం వచ్చిన సంబురంలో నల్లగొండ జిల్లా మర్రిగూడ నుంచి వచ్చిన ఓ పెద్దాయనను ఆ కుర్చీలో ఊహించుకుంటే మాత్రం ఆ ప్రశ్న బరువు మారిపోతుంది. ఏ నీళ్లు కావాలని ఆయన్ని చిన్నప్పుడు ఎవరూ అడగలేదు. బోరింగు కొడితే ఏవి వస్తే అవే తాగారు. ఆయన నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఊళ్లో వాటిని గారపళ్లంటారు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి.

ఏ నీళ్లు తాగాలన్నది తత్వశాస్త్రం పట్టించుకోవాల్సిన విషయమా? తైత్తిరీయోపనిషత్తును అడిగితే అవుననే చెబుతుంది. తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువమంది కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖవారే కాబట్టి, ఉపనిషత్తులన్నింటిలో ఈ నేలకు దగ్గరి చుట్టం అదే. అన్నం పరబ్రహ్మస్వరూపమని మన మెస్సుల గోడల మీద రాసి ఉంటుంది (కిందనే "పార్శిల్ చార్జీ అదనం" అని కూడా ఉంటుంది). ఆ మాట వెనకున్న భావానికి మూలం అక్కడే దొరుకుతుంది. బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని భృగువు తండ్రి వరుణుణ్ని అడుగుతాడు. తండ్రి నేరుగా జవాబివ్వకుండా తపస్సు చేసి తెలుసుకొమ్మంటాడు. భృగువు తపస్సు చేసి తెచ్చిన మొదటి జవాబు అన్నం. తరువాతే ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరికి ఆనందం. నీరే అన్నమని కూడా ఈ కథ వచ్చే భృగువల్లి అనే అధ్యాయంలోనే ఉంది. అంటే వెయిటర్ అడిగింది చిల్లర ప్రశ్నేమీ కాదు.

అంతకుముందున్న వల్లిలో ఇంకో మాట ఉంది. అన్నమనే పదాన్ని విడదీస్తూ ఉపనిషత్తు రెండు అర్థాలు చెబుతుంది: ప్రాణులు తినేది అన్నం, ప్రాణుల్ని తినేదీ అన్నమే. మొదటి అర్థాన్ని భోజనాలకు ముందు అందరూ తలుచుకుంటారు. రెండోదాన్ని చాలామంది ప్రవచనకారులు చప్పున దాటేస్తారు, లేదా చచ్చాక మట్టిలో కలిసి మళ్లీ పంటకు ఎరువవుతామన్న సౌమ్యమైన అర్థంతో సరిపెడతారు. నల్లగొండ జిల్లాలో ఆ రెండో అర్థానికి అంత దూరం పోనక్కర్లేదు. బతికుండగానే, లోటాలోంచే, అన్నం మనుషుల్ని తినింది.

ఈ మెరక నేల కింద పరుచుకున్నది గ్రానైటు. ఆ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. బావులు ఎండి, బోర్లు లోతుకు దిగినకొద్దీ నీళ్లు రాయితో ఎక్కువ కాలం కాపురం చేసి పైకొస్తాయి. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో ఆ హద్దు ఎంతోకాలం కాగితం మీదే ఉండిపోయింది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ నేరుగా కాల్షియం ఉన్నచోటికి పోయి కూర్చుంటుంది. ముందు పళ్లు, తరువాత ఎముకలు. వెన్నెముక చుట్టూ ఉన్న మెత్తని కట్లు (లిగమెంట్లు) కూడా ఎముకలా గట్టిపడతాయి.

1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనే ఇద్దరు హైదరాబాద్ పోషకాహార శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికలో నల్లగొండ పిల్లల మోకాళ్ల గురించి రాశారు. నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి తగిలి, పాదాలు దూరంగా జరిగిపోయే వంకర అది. జెను వాల్గమ్ అంటారు. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో పాటు ఆ ఊళ్ల ముఖ్యాహారమైన జొన్న మీదా పరిశోధకుల దృష్టి పడింది. నాగార్జునసాగర్ కాలువలు వచ్చాక భూగర్భజలం పైకి లేచి, మట్టిలోని కొన్ని లోహాలు జొన్నలోకి ఎక్కువగా చేరాయేమోనని కూడా కొందరు అనుమానించారు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన రోజు జిల్లాకు పండుగ. అదే నీరు కొందరికి వరి అయిందనీ, ఇంకొందరికి వంకరకాళ్లయి ఉండవచ్చనీ తెలిస్తే ఉపనిషత్తు రాసిన ఋషి ఆశ్చర్యపోయేవాడు కాదేమో.

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపు మీద, ఫ్లోరైడ్ నీటి బాధ దేశానికి తెలియాలని వేసిన నామినేషన్లే వాటిలో అత్యధికం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఇలాంటి పోటీలకు అడ్డుకట్టగా ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్లకంటే ముందు డిపాజిటే పెరిగింది.

రెస్టారెంట్‌లో ఈలోగా చిప్స్, సల్సా వచ్చాయి.

ఎర్రగా, పుల్లగా, కారంగా ఉన్న ఆ సల్సాను పెద్దాయన వేలితో రుచి చూసి టమాట తొక్కు అంటాడు. పొరపాటేమీ లేదు. మెక్సికోలో దాన్ని నూరే మోల్కహెతె అనే మూడుకాళ్ల రాతిరోలు చూస్తే ఇంకా గట్టిగా అంటాడు. మక్కపిండి నూరే మెతాతె మన సన్నెకల్లుకు అక్క. రొట్టె కాల్చే కొమాల్ మన పెంక. పాలమూరులో జొన్నరొట్టె చేతులతో తట్టే మనిషికి, మెక్సికోలోని ఓహాకాలో టోర్టియా చేతులతో తట్టే మనిషికి ఒకరి చప్పుడు ఒకరికి అర్థమవుతుంది.

టోర్టియా వెనకున్న పనితనం మాత్రం మనకు తెలియనిది. మక్కల్ని సున్నపు నీళ్లలో ఉడికించి రాత్రంతా నాననిస్తారు. పొద్దున్నే కడిగితే పై పొట్టు ఊడిపోతుంది. ఆ మెత్తబడ్డ గింజల్ని నూరితే ముద్ద అవుతుంది. ఇలా సున్నంలో నానిన మక్కల్ని నిక్స్‌తమల్ అంటారు. ఆ పేరులో మెక్సికోలోని నావాట్ల్ భాషవాళ్ల బూడిద, ముద్ద అన్న రెండు మాటలున్నాయి. మూడు వేల ఏళ్లకు పైబడిన విద్య అది. కృష్ణా తీరాన వాడపల్లి, మట్టంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలన్నీ సున్నపురాయి మీదే బతుకుతున్నాయి. సున్నానికి మనకు కరువు లేదు. గోడకు వేశాం, తమలపాకుకు రాశాం. గింజకు రాయాలన్న ఊహ మాత్రం రాలేదు.

మనకే కాదు, మక్కను మోసుకెళ్లిన స్పెయిన్‌కూ రాలేదు. గింజను ఓడలో వేసుకున్నారు, దాన్ని వండిన ఆడవాళ్ల తెలివిని ఒడ్డునే వదిలేశారు. మక్కలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి అందని రూపంలో బంధమై ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది. సున్నం లేకుండా మక్కే తిని బతికిన యూరప్ పేదలకు చర్మం ఎర్రబడి పొలుసులు కట్టింది, కడుపు చెడింది, చివరికి మతి తప్పింది. 1735 నాటికి స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ ఆ జబ్బును గుర్తించాడు. ఇటలీవాళ్లు దానికి పెల్లాగ్రా అని పేరు పెట్టారు. పుట్టింట్లో మక్క మనుషుల్ని పెంచింది, అత్తింట్లో తినింది.

హైదరాబాద్‌కు ఈ కథలో ఓ వింత పాత్ర ఉంది. పెల్లాగ్రా మక్క తినేవాళ్ల జబ్బని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, 1960లో, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ఇక్కడి పోషకాహార పరిశోధనాలయం నుంచి లాన్సెట్‌లో ఓ వ్యాసం అచ్చేశారు. దక్కనులో జొన్న తినే పేదలకూ పెల్లాగ్రా వస్తోందని, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అందుకు కారణం కావచ్చని వాళ్ల వాదం. లూసిన్ సిద్ధాంతం మీద తరువాత చాలా తర్జనభర్జన జరిగింది. రోగులు మాత్రం వాదం కాదు. పూటకు జొన్న గట్క, తొక్కు తప్ప ఇంకేమీ దొరకనివాళ్లు. పప్పు, ఆకుకూర, పాలచుక్క తోడైతే అదే జొన్న ఏ హానీ చేయదు. ఇవాళ షుగరొచ్చిన నగరవాసి డాక్టరు చెప్పాడని కొనుక్కునే జొన్నరొట్టె అదే. ఒక గింజే ఒకరిని తింటుంది, మరొకరికి మందవుతుంది. తేడా గింజలో లేదు, పళ్లెంలో దాని పక్కన ఏముందన్నదానిలో ఉంది.

నల్లగొండ నీటికి నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టిన మందు కూడా సున్నంతో కూడినదే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి చిలికి, తేటను వంచుకోవడం. 1970లలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి పేరే నల్లగొండ టెక్నిక్. టాంజానియాలో, ఇథియోపియాలో ఫ్లోరైడ్ ఊళ్లకు పోయినవాళ్లు ఆ పేరును అలాగే పలుకుతారు. ఆ పేరున్న జిల్లా పల్లెల్లోనే అది రోజూ నడిచేలా చూసే చెయ్యి కరువైంది. తరువాత కృష్ణా నీటి పైపులొచ్చాయి, ఆపైన మిషన్ భగీరథ తాగునీటి పథకం. కొత్త తరం పళ్లు తెల్లగా ఉన్నాయి. పాత తరం ఎముకలు పాత నీళ్లనే మోస్తున్నాయి.

మనిషి తిన్నదే మనిషి అన్న మాటను మాయా జాతివాళ్లు ఋషులకంటే సూటిగా చెప్పారు. గ్వాటెమాలా కొండల్లోని కిచే మాయాల పురాణం పోపోల్ వూ. దేవతలు ముందు బురదతో మనిషిని చేశారు, వానకు కరిగిపోయాడు. కర్రతో చేశారు, మాట్లాడాడు గానీ గుండె లేదు, తనను చేసినవారు గుర్తులేరు. చివరికి పసుపుమక్క, తెల్లమక్క నూరిన ముద్దతో చేశారు. ఈసారి మనిషి నిలబడ్డాడు, చూశాడు, కృతజ్ఞత చెప్పాడు. భృగువుది తపస్సు, ఈ దేవతలది వంటింటి ప్రయోగం. రెండుసార్లు మాడ్చి మూడోసారికి కుదుర్చుకున్నారు. తైత్తిరీయంలో అన్నమయకోశం ఉంది, ఇక్కడ ఏకంగా మక్కమయ మనిషి ఉన్నాడు.

వేదాంతం బాగా చదువుకున్నవాళ్లు ఇక్కడ అడ్డుపడతారు. అన్నమయకోశం మనిషిలోని అయిదు పొరల్లో బయటిది, మొరటుది. భృగువు అక్కడ ఆగలేదు, ఆనందం దాకా వెళ్లాడు. ఎముకల గురించి మాట్లాడుతూ కూర్చుంటే ఉపనిషత్తును పొట్టు దగ్గరే వదిలేసినట్టు కాదా?

కాదనడానికి ఆ గ్రంథమే సాక్ష్యం. ఆనందమే బ్రహ్మమని తెలిశాక భృగువల్లి ముగిసిపోవచ్చు, ముగియదు. మళ్లీ వెనక్కి, అన్నం దగ్గరికే వస్తుంది. ఈసారి తత్వంగా కాదు, వ్రతంగా. అన్నాన్ని నిందించకు. అన్నాన్ని వదిలేయకు. అన్నాన్ని పెంచు. ఇంటికొచ్చిన ఎవరినీ కాదనకు, అందుకోసం ఎలాగైనా అన్నం సమకూర్చుకో. శిఖరమెక్కినవాడు దిగి వచ్చి చేసిన మొదటి పని వంటిల్లు సర్దడం. బయటి కోశమే కదా అని తీసిపారేయడానికి ముందు వెన్ను నిటారుగా ఉండాలి.

అన్నం ఎవరిని తింటుందన్నది మతాలు సాధారణంగా అడిగే ప్రశ్న కాదు. అది శుద్ధమా కాదా, మనదా పరాయిదా అని అడుగుతాయి. ఆ ప్రశ్న ఈ రంగుల రెస్టారెంట్‌లో ఎంత తమాషాగా కూలిపోతుందో చూడాలి.

నిష్ఠగా తద్దినం పెట్టే ఇళ్లలో మిరపకాయ, టమాట, ఆలుగడ్డ వంటింటి గడప తొక్కవు. కారానికి మిరియాలే. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలోనూ ఈ కూరలకు చోటు లేదు. కారణం కోపం కాదు, పరిచయం లేకపోవడం: ఇవన్నీ 16వ శతాబ్దం మొదలుకొని అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చినవి, శాస్త్రాలు రాసిననాటి పితృదేవతలకు వాటి రుచి తెలియదు. కారం లేనిదే ముద్ద దిగని తెలంగాణలో, బతికినన్నాళ్లూ పచ్చిమిర్చి నమిలిన తాత, చచ్చిన మరునాటి నుంచి మిరియాల చారుకు అలవాటు పడాలి. పాపం!

అటువైపు కథ ఇంకా కఠినం. మెక్సికోకు వచ్చిన క్రైస్తవ సన్యాసులు పూజలో పంచే అప్పం గోధుమతోనే ఉండాలన్నారు. కేథలిక్ చర్చి చట్టం ఇప్పటికీ అదే చెబుతుంది. మక్కముద్దతోనే మనిషి పుట్టాడని నమ్మిన జనానికి, దేవుడి శరీరం మాత్రం మక్కతో కుదరదని చెప్పారన్నమాట. తోటకూర జాతి గింజల పిండితో దేవతల బొమ్మలు చేసి పంచుకు తినే అజ్టెక్ ఆచారాన్ని చూసి వాళ్లు బెంబేలెత్తిపోయారు. తాము చేసే పూజకు అది మరీ దగ్గరగా ఉండటమే అసలు ఇబ్బంది కావచ్చు. 1976లో నల్లగొండ కేథలిక్ మేత్రాసనం ఏర్పడింది. జొన్నా వరీ తప్ప ఎరగని పల్లెల్లో కూడా ఆదివారం నాలుక మీద కరిగేది గోధుమ అప్పమే.

అయితే దేవుళ్ల వంటింటికి దొడ్డిదారి ఒకటుంది. భక్తికి జననధ్రువపత్రం అక్కర్లేదు. దానికి సాక్ష్యం పాలమూరు గుట్టల మీదే ఉంది. సీతాఫలం పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలమని వృక్షశాస్త్రం అంటుంది. భార్హుత్ శిల్పాల్లో, అజంతా చిత్రాల్లో ఆ కాయను చూశామనే పండితులూ ఉన్నారు, వాళ్ల మాట ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఎక్కడి నుంచి వచ్చినా సరే, జనం దానికి సీతమ్మ పేరు పెట్టారు. ఇవాళ దేశమంతా తోటల్లో వేసే మేలు రకాల్లో ఒకదాని పేరు బాలానగర్. అది మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగరే. పల్లీ దక్షిణ అమెరికాది. నల్లగొండ చెల్కల్లో తెల్లగా విచ్చుకునే పత్తి, గాసిపియం హిర్సుటం, మెక్సికో దిక్కుది. గట్ల మీది నాగజెముడు మెక్సికో జెండా మీద గద్ద కూర్చున్న మొక్కకు దాయాది. మెక్సికన్ భోజనమని వేలు పోసి నగరంలో కూర్చున్న పెద్దాయన, అంగీతో సహా, సగం మెక్సికోను ఊరి నుంచే వెంటబెట్టుకొచ్చాడు.

ఆ మూలనున్న పుర్రె బొమ్మ తలలోని పూలు కూడా.

అవి బంతిపూలు. మెక్సికోలో పుట్టిన మొక్క. నవంబర్ 1, 2 తేదీల్లో అక్కడ చనిపోయినవారి పండుగ. ఇంటి ముందు నుంచి అలంకరించిన పీఠం దాకా బంతిరేకులు చల్లుతారు, ఆ వాసన పట్టుకుని పోయినవాళ్లు దారి తప్పకుండా ఇంటికొస్తారని. పీఠం మీద వాళ్లకు ఇష్టమైనవన్నీ పెడతారు: రొట్టె, మోలె కూర, తాగే అలవాటున్నవాళ్లకు మద్యం. ఇక్కడ భాద్రపద అమావాస్య, పెత్రమాస. పెద్దల పేరున స్వయంపాకం ఇస్తారు. చాలా ఇళ్లలో పోయినవాళ్లకు నచ్చిన కూర వండి పెడతారు, తాత కల్లు తాగేవాడైతే కల్లు పోస్తారు. ఇక్కడ శాస్త్రం మిరియాలు పట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. గునుగు, తంగేడుల వరుసల మధ్య బంతి వరుస. పోయినవాళ్ల రోజున పూలను పేర్చే రెండు జనాల మధ్య ఒకే పూవు ఉంది. ఎవరూ ఎవరినీ చూసి నేర్చుకోలేదు.

ఎంగిలి అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మన తిండి తత్వమంతా ఆ మాట చుట్టూ తిరుగుతుంది, దానికి సరైన మాట చాలా భాషల్లో దొరకదు. బల్ల మధ్యలో ఒకే గిన్నెలో గ్వాకమోలే. అందరూ చిప్స్ ముంచుకుని తింటారు, సగం కొరికింది మళ్లీ ముంచేవాళ్లూ ఉంటారు. పెద్దాయన చెయ్యి అక్కడ ఆగుతుంది. ఇది మడి కాదు, పెంపకం. ఇదే ఎంగిలి భయం కులం చేతిలో పడి ఊరి చాయ్ హోటళ్లలో రెండు గ్లాసులుగా మారిన రోజులు ఆయనకు గుర్తుంటాయి. ఆయన గ్లాసు ఏదో మనమే ఊహించుకోవచ్చు. ఈ రెస్టారెంట్‌లో ఎవరూ కులం అడగరు. ధర చూసుకుంటే చాలు. నల్లగొండ ప్రాంతంలో జాన్‌పహాడ్ దర్గా దగ్గర హిందువులు, ముస్లింలు కందూరు మొక్కు విందు చేసి ఒకేచోట తింటారు, అక్కడ ధర కూడా అడగరు. బల్లలు కలపడంలో బజారుకు ఒక పద్ధతుంది, దర్గాకు ఒక పద్ధతుంది. మొదటిది గొప్ప విషయం కాదని తోసెయ్యడం తప్పు. రెండు గ్లాసుల హోటల్లో బయట నిలబడి తాగినవాడు ఎసి గదిలో కుర్చీ లాక్కుని కూర్చోవడం చిన్న సంగతి కాదు.

ఆ గదిని కట్టిందెవరు? నాగార్జునసాగర్, శ్రీశైలం మొదలు నగరంలోని అద్దాల మేడల దాకా, మట్టి మోసిన చేతులకు పాలమూరు లేబర్ అన్న పేరు స్థిరపడిపోయింది. గుంపు మేస్త్రీ ముందే కొంత డబ్బు చేతిలో పెట్టి, కుటుంబాలకు కుటుంబాలనే లారీ ఎక్కించేవాడు. ముసలివాళ్లు, పిల్లలు ఊళ్లో మిగిలేవారు. మహబూబ్‌నగర్ పల్లెల నుంచి ముంబైకి బస్సులు నడిచాయంటే అది విహారయాత్రల కోసం కాదు. కాలువ తవ్వినవాడి చేనుకు నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. మేడ కట్టినవాడికి లోపల బల్ల దొరకడానికి ఇంకో తరం పట్టింది, అదీ కొడుకు ప్లాస్టిక్ కార్డుతో. అన్నం తినేది, తినబడేది రెండూనని ఉపనిషత్తు అన్నప్పుడు, ఎవరి శ్రమ ఎవరి పళ్లెంలో ఉందో లెక్క చూడమని కూడా అందులో ఉందని చదువుకోవడం అతిశయోక్తి కాదు. వచ్చినవాడిని కాదనకు అన్న వ్రతాన్ని ద్వారం దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ గార్డు వైపు నుంచి చూస్తే ఆ వాక్యం కొంచెం గుచ్చుకుంటుంది. గార్డు డ్యూటీ మధ్యలో డబ్బా విప్పుకుని తినేది మెట్ల కింద.

టాకోలు వచ్చాయి. హైదరాబాద్ కాబట్టి ఒకదాంట్లో పనీర్, ఇంకోదాంట్లో కోడి. టోర్టియా మక్కది కాదు, మైదాది. ఇక్కడి మెక్సికన్ వంటిళ్లలో ఎక్కువగా కనబడేది అదే. ఉత్తర మెక్సికోలోనూ గోధుమ టోర్టియాలున్నాయి కాబట్టి మోసమనలేం. అయినా సున్నం, రాత్రంతా నానడం, పొట్టు కడగడం, ఆ మూడు వేల ఏళ్లు ఆ పళ్లెంలో లేవు. గోడమీద రంగులన్నీ వచ్చాయి, వంటింటి విద్య మళ్లీ ఒడ్డునే ఉండిపోయింది. తెలంగాణలో పండే మక్కలో చాలాభాగం ఎలాగూ కోళ్ల దాణాకు పోతుంది. టాకోలో అసలు మక్క ఉన్నది కోడి ఒంట్లో!

తైత్తిరీయం చివర ఒక పాట ఉంది. అన్నీ తెలుసుకున్నవాడు కోరుకున్న అన్నం తింటూ, కోరుకున్న రూపంలో, లోకాలన్నీ తిరుగుతూ పాడే పాట. దేశదేశాల రుచుల కోసం తిరిగే ఇవాళ్టి భోజనప్రియుడికి ఇంతకు మించిన ఆశీర్వచనం దొరకదు. పాటలోని వరుస మాత్రం గమనించాలి. నేను అన్నాన్ని అని మూడుసార్లు అంటాడు. అన్నాన్ని తినేవాణ్ని అన్నది ఆ తరువాతే.

బిల్లు వచ్చింది. కొడుకు కార్డు తీసి, తండ్రికి కనబడకుండా కాగితాన్ని మడిచాడు. వెయిటర్ పళ్లాలు తీస్తున్నాడు. బాటిల్‌లో ఇంకా సగం నీళ్లున్నాయి. పెద్దాయన దాన్ని దగ్గరికి లాక్కుని, దూరంగా పట్టుకుని, లేబుల్ మీది చిన్న అక్షరాల్లో ఏమేం కలిసి ఉన్నాయో చదవడానికి ప్రయత్నించాడు. అక్షరాలు అందలేదు. మూత బిగించి సంచిలో పెట్టుకున్నాడు.